రికార్డులో లేని చేతులు

శనివారం మధ్యాహ్నం అంగట్లో తమ పాట గ్రామఫోన్ ప్లేటు మొదటిసారి విన్నప్పుడు క్లిఫర్డ్ ఎంట్‌విజిల్ ఒళ్లు భగ్గుమంది. గొంతు తమ జట్టులో పాడే డెస్మండ్‌దే. వరస తనదే, తను పనిచేసే బట్టల మిల్లు మూసేసిన వారంలో కట్టుకున్నది. అందులో మోగే స్టీలు గిటారు మాత్రం తనది కాదు. తనది, మూతపడ్డ మిల్లులో పారేసిన ఇనుము ఏరుకొచ్చి, నాలుగు కాళ్లూ పెడళ్లూ బిగించి, వంటింటి బల్ల మీద తనే చేసుకున్న వాద్యం. దాని ఏడుపు ఎక్కడ విన్నా పోల్చుకుంటాడు. ఈ ప్లేటులో ఏడుస్తున్నవాడెవడో కిరాయికి ఏడుస్తున్నాడు.

ఆ సాయంత్రమే తమ ఊరు బర్న్లీలోని కార్మికుల క్లబ్బులో వాళ్ల కచేరీ. 'ప్రెయిరీ లాంతర్లు' అని పేరు పెట్టుకుని, లాంకషైర్ వానలో కౌబాయ్ టోపీలు తడుపుకుంటూ తిరిగే జట్టు అది. పుట్టి రెండేళ్లు కాలేదు.

వేదిక వెనక డెస్మండ్ బూట్లు తుడుచుకుంటున్నాడు.

"నా వాయింపేదిరా?"

"లండన్ ప్లేటు కంపెనీ వాళ్లు చెరిపేశారు." డెస్మండ్ తలెత్తలేదు. "నీది మన ఊరి ముసురులా ఉందట. వాళ్లకి అమెరికా ఎండ కావాలట."

"నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నా. నోరెత్తితే ప్లేటే రాదన్నారు."

"నాకు చెప్పడానికి కూడా నోరు పడిపోయిందా?"

"ఇప్పుడు చెప్తున్నాగా!" డెస్మండ్ సంచిలోంచి ప్లేటు తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఇంటికి పట్టుకెళ్లి విను. వాడు వాయించినట్టు నేర్చుకో. రేపట్నుంచి జనం ఇదే అడుగుతారు."

తను కట్టిన వరసని, తనని గెంటేసినవాడి దగ్గర నేర్చుకోవాలట! క్లిఫర్డ్ పళ్లు పటపటలాడాయి.

క్లబ్బు కార్యదర్శి ఆగ్డెన్ తలుపులోంచి కేకేశాడు. "కానివ్వండి అబ్బాయిలూ! తినడానికి వేడి మాంసం పైలు వచ్చేలోగా ముగించాలి. తర్వాత బింగో ఆట ఉంది."

వేదిక చెక్కలు ఎగుడుదిగుడు. క్లిఫర్డ్ ఆ ప్లేటుని వాద్యం కాలి కింద పెట్టి ఎత్తు సరిచేసుకున్నాడు. డెస్మండ్ చూశాడు. చూడనట్టు మైకు సర్దుకున్నాడు.

పాట స్టీలు గిటారుతో మొదలవుతుంది. క్లిఫర్డ్ తన వరసే ఎత్తుకున్నాడు, ముసురు పట్టినట్టు నింపాదిగా. ప్లేటు వేగానికి అలవాటుపడ్డ డెస్మండ్ ముందే నోరు తెరిచాడు. గొంతు ఒంటరిగా గాల్లో వేలాడింది.

"టోపీ బాబుకి తొందరెక్కువోయ్!" అని ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. రెండో చరణంలోనూ అంతే.

"ప్లేటులో అలా లేదురా!" డెస్మండ్ పళ్ల సందుల్లోంచి కసిరాడు.

"ప్లేటులో నేనే లేనురా!" అన్నాడు క్లిఫర్డ్, మైకుకి అందేంత గట్టిగా.

డెస్మండ్ మైకు వదిలేసి విసవిసా దిగిపోయాడు. డ్రమ్ములవాడు కర్రలు దించేశాడు. క్లిఫర్డ్ ఆగలేదు. ఇనుప పెడళ్లని ఎవరి పీకో తొక్కినట్టు తొక్కుతూ చివరిదాకా ఒక్కడే వాయించాడు.

"పైలు వచ్చాయి!" ఆగ్డెన్ గంట కొట్టాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. జనం ఎగబడ్డారు.

మిల్లులో తన పక్క మగ్గం మీద నేసిన విన్నీ ఒక్కతే కదల్లేదు. ఆమె ముందు బింగో కాగితం అలాగే ఉంది. "తమ్ముడూ, నువ్వు వాయించింది మన మిల్లు మూసిన రోజే కదరా! ఇదేనా మీ ప్లేటు? ఎక్కడ దొరుకుతుంది?"

క్లిఫర్డ్ వాద్యం కాళ్లు మర తిప్పి ఊడదీస్తున్నాడు. ఇక ఈ జట్టులో వాటిని బిగించేది లేదు.

"దొరకదు విన్నీ అక్కా. చెరిపేశారు."

"ఎవడు వాడు, వాడి చేతులు విరగ!"

"చెరిపినోడు లండన్లో ఉన్నాడు. పక్కన నిలబడి చూసినోడు అడుగో, టోపీ పెట్టుకుని పై కోసం వరసలో నిలబడ్డాడు."