ఓబుళమ్మ రాసిచ్చిన వసతి

నేను ఒక కడప బండని. నున్నగా మాట్లాడడం నాకు రాదు, ముందే చెప్తున్నా. బేతంచెర్ల దగ్గర గనిలో నన్ను పొరగా లేపిన మనిషి గునపం కింద చిటికెనవేలు పోగొట్టుకున్నాడు. ఆ రక్తం నా మీద పడింది, వాన కడిగింది. అతని పేరు ఎవరూ ఎక్కడా చెక్కలేదు. పేర్లు చెక్కే సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

లారీ నన్ను దించింది యూనివర్సిటీ గేటు ఎదురుగా, ఓబుళమ్మ మెస్సు ముందు. "పాలిష్ పట్టించి ఇస్తానక్కా" అన్నాడు బండల వ్యాపారి.

"సంగటి ముద్దకి నునుపెందుకురా? దించు."

ఇటుక దిమ్మెల మీద పరిచి నన్ను తినే బల్ల చేసింది. అప్పట్నుంచి ఎంతమంది మోచేతులు మోశానో. సమానత్వం గురించి గొంతు పోయేలా అరిచి, ఎంగిలి కంచం నా మీదే వదిలేసి పోయే కుర్రాళ్ళు. స్త్రీ జనోద్ధరణ మీద పుస్తకం రాస్తూ, పప్పు చల్లారిందని ఓబుళమ్మ మీద కేకలేసే లెక్చరర్లు. ఆమె పప్పు మళ్ళీ వేడిచేసి తెచ్చేది. కంచాలు తీసేది, నన్ను తుడిచేది.

ఆడపిల్లలు నా దగ్గర కూచుని తిన్నది తక్కువ. పార్సిల్ కట్టించుకుని బస్సుకి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళ హాస్టలు ఎప్పుడో నిండిపోయింది. ఆ పిల్లల్లో సుంకులు అనే అమ్మాయి వేరుశెనగ మీద పరిశోధన చేస్తుండేది. చల్లబడ్డాక మొక్కలకి నీళ్ళు పెట్టి కొలతలు తీయాలి. వాళ్ళ ఊరి ఆఖరి బస్సేమో పొద్దు మునగకముందే పోతుంది.

"మానేస్తా పెద్దమ్మా. బస్సు పోతే నేను యాడ పండుకునేది?" అని ఒకరోజు నా మీద తల వాల్చి ఏడ్చింది.

"పైన గది ఉండాదిలే పాపా. నీ చెనిక్కాయ చెట్లు ఎండబెట్టినావంటే మాత్రం ఊరుకోను," అంది ఓబుళమ్మ.

సుంకులు వెనక ఇంకో పిల్ల వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు. మేడ మీద నవ్వులు మొదలయ్యాయి.

ఆ నవ్వులే ఆమె చేత ఆ పని చేయించాయి. పిల్లాజెల్లా లేరు, అన్న కొడుకులు ఆస్తికోసం కాచుకుని ఉన్నారు. వకీలును నా ముందు కూచోబెట్టి, కడుపునిండా అన్నం పెట్టి, మెస్సూ, మేడా, వెనక జాగా అన్నీ యూనివర్సిటీకి వీలునామా రాయించింది. "చదువుకోనీకి వచ్చే ఆడోళ్ళకి వసతి కోసం." అదే మాట, నేను విన్నాను.

"మీ పేరు పెట్టమని రాద్దామా అమ్మా?" అన్నాడు వకీలు.

"నా పేరేమన్నా తింటారా? ఈ బండ తీసేయకుంటే చాలు. పిల్లోల్లు దీని మీద తినాల."

ఆమె పోయింది. యూనివర్సిటీ చేసిన మొదటి పని నన్ను పీకడం. మిషను కింద పెట్టి ఒకవైపు అద్దంలా రుద్దారు. 'కీర్తిశేషురాలు శ్రీమతి ఓబుళమ్మ గారి వితరణ' అని చెక్కి బంగారు రంగు పూశారు. బతికున్నన్నాళ్ళూ "ఏమ్మేయ్, పప్పెయ్" అని పిలిచినవాళ్ళకి 'గారు' అప్పుడు గుర్తొచ్చింది. తెచ్చి ఓబుళమ్మ మేడకి కొత్తగా పెట్టిన గేటుకి బిగించారు. గేటు లోపల ఏం పెట్టారనుకున్నారు? అతిథి గృహం. ఏసీ గదులు. మరమ్మతులని చెప్పి పిల్లల చేత పెట్టెలు సర్దించేశారు.

ప్రారంభోత్సవం రోజు సుంకులు నా పక్కనే నిలబడి రిజిస్ట్రార్‌ని ఆపింది.

"సార్, వీలునామాలో ఆడోళ్ళకి వసతి అని ఉంది."

"వసతే కదమ్మా ఇది? సెమినార్లకి బయటినుంచి మేడమ్‌లు వస్తారు. వాళ్ళు ఆడవాళ్ళు కారా? చదువు కోసం కాదా వచ్చేది?"

"చదువుకోనీకి వచ్చేటోళ్ళు అనుండాది సార్. చదువు చెప్పనీకి వచ్చేటోళ్ళు అని కాదు."

"నీ సబ్జెక్టేంటి?"

"వృక్షశాస్త్రం సార్."

"మరి వ్యాకరణం నీకెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వినవాళ్ళలో నా మీద మెతుకులు తిన్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు మొహాలు గుర్తుంటాయి.

పిల్లలు నా ముందే ధర్నాకి కూచున్నారు. ఎండలో కూచున్నారు, వానలో కూచున్నారు. ఆ రోజులన్నిటికీ సుంకులుకి హాజరు లేదని పరిశోధన రద్దు చేశారు. నీళ్ళు పెట్టే దిక్కులేక మొక్కలు కుండీల్లోనే మాడిపోయాయి. ఆ పిల్ల ఎండిన మొక్కొకటి తెచ్చి నా అంచుమీద పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కి పోయింది. మర్నాడు దాన్ని చెత్తలో ఊడ్చేశారు.

గుంపులు నా దగ్గరే చేరుతున్నాయని నన్నూ పీకేశారు. నా చోట ఎవరో పెద్దమనిషి పేరుతో పాలరాయి వెలిసింది. నన్ను ట్రాక్టరులో వేసుకుపోయి, అద్దె రేకుల షెడ్డులో నడుస్తున్న అమ్మాయిల హాస్టలు వెనక, కుళాయి దగ్గర పారేశారు.

వచ్చిన రోజే ఒక పిల్ల నా మీద జారి పడబోయింది. "నున్నగుండాది మేయ్, తిరగేయండి దీన్ని!" నలుగురు కలిసి బోర్లించారు. ఓబుళమ్మ తుడిచిన గరుకు వైపు పైకొచ్చింది. దాని మీద బట్టలుతుక్కుంటున్నారు. బంగారు పేరు బురదలో ఉంది. ఆమె రాసిచ్చిన ఆస్తి మొత్తంలో ఆడపిల్లలకి దక్కింది నేనొక్కదాన్నే.

మీలో ఎవరన్నా పోయేలోపు యూనివర్సిటీకి రాసివ్వాలనుకుంటే ఇవ్వండి, వద్దనను. కానీ వసతి అని మాత్రం రాయకండి. మంచం అని రాయండి. తలుపు అని రాయండి. ఆ తలుపుకి లోపలివైపు గడియ అని రాయండి. ఆ గడియ వేసుకుని పడుకునే పిల్ల పేరు కూడా రాయండి. సుంకులు అని.