ఒక్కసారే మార్చుకోవచ్చు

మణిమాల పీట మీద కూర్చుని లాల్ భాజీ తుంచుతోంది. ఎర్ర తోటకూరే అది. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళకి బజారులో కొన్నదాని పేరు హిందీలోనూ, పొయ్యి మీదికెక్కాక అదే కూర పేరు తెలుగులోనూ నోటికొస్తాయి. ఎనిమిదింటికల్లా కూరా పప్పూ అయిపోవాలి, తొమ్మిదికల్లా తను ఆఫీసులో ఉండాలి. వరండాలో గురునాథరావు తమ్ముడితో ఫోనులో మాట్లాడుతున్నాడు. రైల్ మిల్లు చప్పుడులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసిన మనిషి, మెల్లగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. ఆయన ఫోనెత్తితే నాలుగు క్వార్టర్ల అవతలికి కూడా లింగాలవలస కబుర్లు అందుతాయి. "ఇంకెన్నాళ్ళురా సురేంద్రా, ఐదు నెలలు. మీ వొదిన రిటైరవ్వగానే సామాను లారీకెక్కించీసి మనూరొచ్చీడమే" అంటున్నాడు.

ఆ మాటకి ఆమె చేతిలో కాడ ఆగలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. మనూరు అంటే లింగాలవలస. పార్వతీపురంలో రైలు దిగి బస్సెక్కితే గంట. గురునాథరావు అక్కడ పుట్టి, ఇరవై నాలుగో ఏట స్టీలు ప్లాంటులో ఉద్యోగమొచ్చి భిలాయి చేరాడు. చేరి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఆదివారం పొద్దున్నే పోహా, జిలేబీ పడకపోతే ఆయనకి అది ఆదివారమే కాదు. కోపమొస్తే హిందీలోనే వస్తుంది. అయినా ఎవరైనా అడిగితే "మాది లింగాలవలస" అంటాడు, అనేటప్పుడు ఛాతీ కాస్త ముందుకొస్తుంది. ఆ ఛాతీ చూస్తే మణిమాలకి ముద్దొస్తుంది కూడా. మనిషన్నాక ఒక ఊరి మీద బెంగ ఉండటం మంచిదే. ఆ బెంగతోపాటు తనను కూడా మూటగట్టి లారీకెక్కించడం ఎందుకన్నదే ఆమెకి అర్థం కాదు.

ఫోను పెట్టేసి ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చాడు. కోహ్కా ఇంటికి బేరం తగిలిందట. ఆదివారం చూసుకోడానికొస్తారట. ఆ డబ్బుతో లింగాలవలసలో కట్టిన ఇంటికి పై అంతస్తు కూడా లేస్తుందట. "నువ్వు ఒక్క సంతకం పెడితే సాలు" అన్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా.

భిలాయిలోనే ఓ మూలనున్న కోహ్కాలోది మణిమాల నాన్న అంకయ్య కట్టుకున్న ఇల్లు. రెండు గదులు, వెనక కాస్త జాగా, ఒక జామచెట్టు. టెక్కలి దగ్గర్నుంచి వచ్చి, ప్లాంటు కట్టే రోజుల్లో ఇనుము మోసి, ఆ తర్వాత అందులోనే పర్మనెంటై, రిటైరయ్యాక ఆ రెండు గదులూ లేపాడు. ఒక్కతే కూతురు కాబట్టి ఆయన పోయాక అది ఆమెకొచ్చింది. ఇన్నాళ్ళూ అద్దెకిచ్చారు, పోయిన నెలే ఖాళీ అయింది. అమ్మనని ఆమె అనలేదు. అమ్ముతానని కూడా అనలేదు. టిఫిన్ డబ్బాలు సర్దుకుని స్కూటీ తీసింది.

ప్లాంటు ఆఫీసులో మణిమాల చేసే పని చిత్రమైనది. రెండేళ్ళకోసారి ఉద్యోగులు తమ సొంత ఊరికి వెళ్ళొస్తే రైలు ఖర్చు కంపెనీ ఇస్తుంది. రిటైరైతే సామానుతో సహా ఆ ఊళ్ళో దింపుతుంది. అందుకని చేరిన కొత్తలోనే ఒక కాగితం మీద 'నా సొంత ఊరు ఫలానా' అని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితాలన్నీ మణిమాల బీరువాలో ఉంటాయి. ఛప్రా, పాలక్కాడ్, పలాస, భువనేశ్వర్, రాజనాందగావ్. భిలాయి అని ఎవరూ రాయరు. రాస్తే రైలు ఖర్చు పోతుంది కదా, ఉన్న ఊరికి టిక్కెట్టెవరిస్తారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి సెక్టార్లలో చదివి, ఇక్కడే పెళ్ళిళ్ళాడినవాళ్ళు కూడా తాతగారి ఊరు వెతికి పట్టుకుని రాస్తారు. ఆ బీరువా లెక్కన చూస్తే భిలాయి ఎవరిదీ కాని ఊరు. ఒకసారి రాసినది సర్వీసు మొత్తంలో ఒక్కసారే మార్చుకోవచ్చు, అదీ కారణం చూపించి. ఈ రూలు మణిమాల ముప్ఫై ఐదేళ్ళుగా అందరికీ ఒకే గొంతుతో చెబుతూ వచ్చింది.

ఆ రోజు పదకొండింటికి నీలిమ వచ్చింది. రెండు నెలల కిందట చేరిన పిల్ల, చేరకముందే పెళ్ళయింది. వాళ్ళదీ శ్రీకాకుళం వైపే, కానీ పుట్టింది పెరిగింది ఇక్కడి వైశాలి నగర్‌లో. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ దారి తప్పి హిందీలోకి వెళ్ళిపోయే రకం. ఫారం అంతా నింపి ఒక్క గడి ఖాళీగా ఉంచింది. "దీదీ, ఇందులో ఏటి రాయాలి?" అని అడిగింది.

మణిమాల తలెత్తకుండానే, "పెళ్ళయిపోయింది కదమ్మా, మీ ఆయన ఊరు రాసీ" అంది.

నీలిమ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. వాళ్ళాయన మనోజ్‌కుమార్ ఊరు ఆమె ఇంకా చూడలేదు. మొదటిసారి దసరాకి తీసుకెళ్తామన్నారు. పాతికమంది వస్తారని, కొత్త కోడలి చేతి వంటేనని అత్తగారు ఇప్పట్నుంచే అందరికీ చెబుతోందట. ఆ పిల్ల నవ్వుతూనే అడిగింది.

"దీదీ, అక్కడికెళ్తే నేను ఛుట్టీలో ఉన్నట్టా, డ్యూటీలో ఉన్నట్టా?"

చుట్టూ ఉన్న బల్లల దగ్గర అందరూ నవ్వారు. ఆఫీసరు గురుమూర్తి కూడా గదిలోంచి నవ్వాడు. మణిమాలకి నవ్వు రాలేదు. పెళ్ళయింది కదా, మీ ఆయన ఊరు రాయి. ఎంతమంది ఆడపిల్లలతో అంది ఆ మాట? వందమంది? ఎక్కువే ఉంటారు. ఒక్కరిని కూడా నీదే ఊరు అని అడగలేదు. ఆ మాట తనది కూడా కాదు, తనకి ఎవరో ఇచ్చినది. ఇన్నాళ్ళూ అందరికీ పంచుతూ కూర్చుంది. సిగ్గేసింది ఆమెకి, నిజంగా చెవులు కాలేంత సిగ్గేసింది. "ఇప్పుడే రాయకు, రెండ్రోజులు ఆలోచించుకో" అని ఫారం వెనక్కిచ్చేసింది.

మధ్యాహ్నం తిండి దగ్గర అందరూ లేచి వెళ్ళాక బీరువా తెరిచి తన ఫైలు తీసింది. లింగాలవలస. పెద్ద పెద్ద అక్షరాలు, మామగారు రామచంద్రరావు చేతిరాత. పెళ్ళయిన ఏడాదికి ఆమెకి టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఆయన అప్పుడు కొడుకు కాపురం చూడ్డానికి భిలాయి వచ్చి ఉన్నాడు. ఆమె ఫారం బల్ల మీద పెట్టి ఆ గడి దగ్గర ఆలోచిస్తుంటే, "పెళ్ళయినాక ఆడపిల్లకి వేరే ఊరేటమ్మా, ఇలాగియ్యి" అని ప్రేమగానే తీసుకుని తనే రాసేశాడు. మంచాయన. వెళ్ళేటప్పుడు కోడలి చేతిలో వంద నోటు పెట్టి వెళ్ళాడు. ఆయన రాతకింద తన సంతకం ఉంది, కొత్త ఇంటిపేరు అలవాటు కాక వంకర్లు పోయిన సంతకం.

ఆ ఒక్క గడి పుణ్యమా అని రెండేళ్ళకోసారి లింగాలవలస వెళ్ళారు. కాగితం మీద అది ఆమె సెలవు. లింక్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని తెల్లారగట్ల దిగితే, స్నానం అయ్యేసరికి వంటిల్లు ఆమె కోసం ఎదురుచూస్తూ ఉండేది. కాస్త నడుం వాలుస్తానంటే అత్తగారు గున్నమ్మ, "రైల్లో కూర్సునే కదే వొచ్చినావు, అలుపేటి?" అనేది. అలాగని గున్నమ్మ చెడ్డది కాదు. కోడలికిష్టమని పనస తొనలు దాచి ఉంచేది, సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని తలదువ్వేది. తోటికోడలు నాగలక్ష్మి అయితే "నువ్వొస్తే నాకు పండగక్కా" అని అమాయకంగా అనేసేది. పాపం, మణిమాల వచ్చిన ఆ పది రోజులే ఆ మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేది. గురునాథరావు లుంగీ కట్టుకుని స్నేహితులతో పొలాల వెంట తిరిగేవాడు. మనూరి గాలి తగిలితే ఒంట్లో రోగాలన్నీ పోతాయనేవాడు. ఆమెకి ఆ గాలి తగిలేది దొడ్లో గిన్నెలు తోముకునేటప్పుడు. చూసిపోడానికొచ్చిన అమ్మలక్కలు "భిలాయి కోడలొచ్చింది" అనుకునేవాళ్ళు. ఇక్కడికొస్తే తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో "లింగాలవలసోళ్ళ కోడలు" అంటారు. మణిమాల వాళ్ళ అబ్బాయి యుగంధర్ పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు, ఎవరడిగినా రెప్ప వెయ్యకుండా "మాది భిలాయి" అంటాడు. అదేంట్రా మన ఊరు లింగాలవలస కదా అని వాడిని ఎవరూ దిద్దలేదు. మగపిల్లాడు ఏ ఊరంటే అదే ఊరు.

ఫైలు మూస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఆసుపత్రిలో, ఆఖరి వారం. నర్సమ్మ రిజిస్టరు పట్టుకుని వచ్చి పేరడిగింది. పార్వతమ్మ చెప్పింది. వయసు సుమారుగా చెప్పింది. ఊరేదమ్మా అని అడిగితే మాత్రం తలుపు వైపు చూసింది. నాన్న అప్పుడే కిందికెళ్ళాడు. "ఆయన టీ తాగనాకెల్లినారు, వొచ్చి సెప్తారు" అంది. పదిహేడో ఏట భిలాయి వచ్చింది అమ్మ. యాభై ఏడేళ్ళు ఇక్కడ ఉంది. హిందీ ఒక్క ముక్క రాకుండా వచ్చి, ఛత్తీస్‌గఢీలో కూరలమ్మితో బేరమాడి గెలిచే దాకా నేర్చుకుంది. వీధిలో ఎవరింట్లో పురుడొచ్చినా ముందు అమ్మ తలుపే కొట్టేవారు. పోయాక అస్థికలు కూడా ఇక్కడి శివనాథ్ నదిలోనే కలిపారు. అలాంటి మనిషి, నీదే ఊరంటే మొగుడొచ్చి చెప్పేదాకా ఆగింది. ఆ రోజు పక్కనే నిలబడి ఉన్న మణిమాల కూడా ఏమీ అనలేదు. నాన్న వచ్చాడు, టెక్కలి అని రాయించాడు. ఆ సంగతి ఇంత నొప్పిగా తనలో ఉందని మణిమాలకి ఇవాళే తెలిసింది. తిండి డబ్బా మూత పెట్టేసి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది.

తర్వాత మొహం కడుక్కుని వచ్చి ఇంకో ఫారం తీసింది. మార్పు కోరేవాళ్ళు నింపే ఫారం. గురుమూర్తి అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడుకుని, ఐదు నెలల్లో దిగిపోయేముందు ఇదేం పని మేడమ్ అన్నాడు. లారీ పోతుంది, ఆఖరి టిక్కెట్లు పోతాయి, లాభం ఒక్కటి కూడా లేదని వివరంగా చెప్పాడు. ఆ రూలు ఆయనకి నేర్పింది తనేనని గుర్తుచేసింది మణిమాల. ఆయన దాని మీద సంతకం చేసేలోగా ఇంట్లో చూపిస్తానని నకలు ఒకటి తీసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ముందు కోహ్కా వెళ్ళింది. తాళం తీసి కిటికీలు తెరిచింది. ఒక మూల కారుతోంది, వంటింటి గట్టు మరీ కిందికుంది, దొడ్డి కాలువ బాగుచెయ్యాలి. అమ్మే ఇంటిని ఎవరూ ఇలా చూడరని తనకే నవ్వొచ్చింది. ఎదురింటి ఫూల్‌బాయి గోడ మీంచి తొంగిచూసి, అమ్మాయి వచ్చేసినట్టేనా అని ఛత్తీస్‌గఢీలో అడిగింది. వచ్చేసినట్టేనంది. అక్కడే గడప మీద కూర్చుని, ఆదివారం రావాల్సినవాళ్ళకి, పొద్దున్న ఆయన ఇచ్చిన నంబరులో ఫోను చేసి రావొద్దని చెప్పింది.

ఇంటికొచ్చేసరికి గురునాథరావు టీ పెట్టి ఉంచాడు. రిటైరయ్యాక నేర్చుకున్న ఒకే ఒక వంట అది, చక్కెర ఎప్పుడూ రెండింతలు. ఆమె రెండు గుక్కలు తాగి, కోహ్కా ఇల్లు అమ్మడం లేదని చెప్పింది. తర్వాత కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని పైకే చదివాడు. పాత ఊరు లింగాలవలస. కొత్త ఊరు భిలాయి. మార్పుకి కారణం దగ్గర గొంతు ఆగింది. అక్కడ ఒకే ముక్క ఉంది: 'మొదటిసారి రాసింది నేను కాదు.'

కోపం వస్తుందని ఆమె అనుకుంది. హిందీలో ఏదైనా మొదలవుతుందని చూసింది. రాలేదు. నాన్నగారి చేతిరాత ఆయనకి గుర్తొచ్చినట్టుంది.

"లారీ ఇవ్వరు కదే దీనికి" అన్నాడు చివరికి.

కోహ్కాకి లారీ ఎందుకు, నాలుగు ట్రిప్పుల ఆటో చాలంది.

"మరి నా ఊరో?"

ఆ అడగడంలో చిన్నపిల్లాడి బెంగ ఉంది. మణిమాలకి జాలేసింది. ఈ మనిషిని ఆమె ముప్ఫై ఆరేళ్ళుగా ప్రేమిస్తోంది, ఇవాళ కూడా అందులో మార్పు లేదు. "మీ ఊరు ఎక్కడికీ పోదండీ. ఇల్లు కట్టుకున్నారు కదా, వెళ్ళండి, ఎన్నాళ్ళుండాలనుంటే అన్నాళ్ళుండండి. నేను కూడా వస్తాను."

ఆయన మొహం కాస్త తేటపడింది. "వొస్తావా?"

"వస్తాను. చుట్టం చూపుగా. మూడు రోజులుంటాను. నాలుగో రోజుకి చుట్టాన్ని వంటింట్లోకి పిలుస్తారు, అంతదాకా ఉండను."

గురునాథరావు నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు. కాగితం మడత పెట్టి తిరిగి ఆమె చేతికిచ్చాడు. రెండు గ్లాసులూ అలవాటుగా బల్ల మీదే వదిలేసి వరండా వైపు నడిచి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"మరి కోహ్కాకి నేను రావొచ్చేటి?"

"రండి" అంది మణిమాల. "చుట్టంలా మాత్రం రాకండి."