ముందు టైరులో గాలి

ఎబినేజర్ కడుపుమంటకు మందు లేక కాదు, వేసుకునే ఉద్దేశమే లేదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ దాన్ని పెంచి పోషిస్తున్నాడు. కారణం జేమ్స్. పరాయివాడైతే ఇంత ఉండకపోను, సొంత చిన్నాయన కొడుకు. దుబాయిలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు, వస్తూనే నల్లటి బుల్లెట్టు కొన్నాడు.

మందమర్రిలో వాళ్ల చర్చివాళ్లు క్రిస్మస్‌కు ముందు పాటలు పాడుకుంటూ బండ్ల మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతారు. అన్నిటికన్నా ముందు పోయే బండి మీద, వెనక సీటులో ఒకరు వెదురుకర్రకు కట్టిన రంగుకాగితాల నక్షత్రం పట్టుకుని కూర్చుంటారు. ఆ నక్షత్రం బండి ఏళ్ల తరబడి ఎబినేజర్‌దే. నక్షత్రం పట్టేది అతని కూతురు ఆరాధన. ఈసారి సంఘపెద్ద మోషే తాత, "జేమ్స్‌ది కొత్త బండి, లైటు మంచిగున్నది, వాడు ముందు పోతడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మంచిది తాతా" అన్నాడు ఎబినేజర్. అనడమైతే అన్నాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు.

పైగా బండ్లన్నిటికీ గాలి చూసే పని మాత్రం అతనికే ఉంచారు. చలి ముదిరితే టైర్లలో గాలి దిగుతుంది. మొన్న బిగుతుగా ఉన్న టైరు ఇవాళ మెత్తబడుతుంది. అందుకని బయలుదేరే ముందు బండ్లన్నీ చర్చి ముందు వరుసగా నిలబెడతారు. ఎబినేజర్ తన గేజుతో ఒక్కో టైరూ చూసి సరేనంటేనే ఎవరైనా కిక్కు కొట్టేది. పెత్తనమేమో వాడికి, మోకాళ్ల మీద కూలబడేది నేనా అని అతని బాధ. నిజం చెప్పాలంటే ఆ మాత్రం ఎవరికైనా మండుతుంది.

పొద్దు గూకుతుండగా పని మొదలైంది. ఆరాధన సెల్లు లైటు పట్టింది. నాలుగైదు బండ్లయ్యాక బుల్లెట్టు వంతు వచ్చింది. ముందు టైరుకు గేజు పెడితే ముల్లు ఉండాల్సినదాంట్లో సగానికి కూడా లేవలేదు. కొన్ననాటి నుంచి దాని గాలి ఎవడూ చూసినట్టు లేదు.

"ఎట్లున్నదన్నా?" కొత్త జర్కిను వేసుకున్న జేమ్స్ నవ్వుతూ అడిగాడు. ఎబినేజర్‌కు గిట్టనిది ఆ నవ్వే. దాంట్లో కుళ్లు ఏమీ ఉండదు, తిట్టుకోవడానికి సందు దొరకదు.

దారిలో వాగు దగ్గర ఇసుక మలుపు అతని కళ్లముందు ఆడింది. మెత్తటి టైరు పక్కకు లాగుతుంది, బుల్లెట్టు బోర్లా పడుతుంది, వీడు సంఘమంతా చూస్తుండగా జర్కిను దులుపుకుంటూ లేస్తాడు. చావాలని కాదు, ప్రభువు సాక్షి. కాస్త పరువు పోతే చాలు. వెనక సీటు మీద ఎవరుంటారన్నది మాత్రం అతను ఆలోచించలేదు.

"మంచిగనే ఉన్నది" అని గేజు తీసేశాడు.

ఆరాధన గేజు వంకా తండ్రి వంకా చూసింది. కొత్త బండ్ల లెక్క వేరేమో అనుకుని లైటు పక్క బండి మీదికి తిప్పింది.

ప్రార్థన అయింది. నక్షత్రం పట్టుకుని జేమ్స్ భార్య నవ్యశ్రీ వచ్చింది. ఈసారి వెనక కూర్చోవాల్సింది ఆమే. కానీ చలికి గొంతు పట్టి ఒకటే దగ్గు. "నాతోని కాదు బిడ్డా, ఎప్పటి లెక్కనే నువ్వే పట్టు" అని కర్ర ఆరాధన చేతిలో పెట్టింది. పిల్ల మొహం వెలిగిపోయింది. ఒక్క గంతులో బుల్లెట్టు ఎక్కి కూర్చుంది. జేమ్స్ బండి స్టార్టు చేశాడు.

"ఆగు!"

పాట ఎత్తుకోబోతున్నవాళ్లు ఎబినేజర్ కేకకు ఉలిక్కిపడ్డారు.

"దిగు బిడ్డా, దిగు! ముందు టైరుల గాలి లేదు."

ఎవరి మాటా వినకుండా కాలుపంపు తెచ్చి తొక్కడం మొదలుపెట్టాడు. అంత చలిలోనూ చెమట పట్టింది.

"ఇప్పుడే గద మంచిగున్నదంటివి?" అన్నాడు జేమ్స్.

"చలి గదా. గింతట్లనే దిగింది."

సిగ్గులేని అబద్ధం. అయినా జేమ్స్ నమ్మాడు. వచ్చి భుజం పట్టుకున్నాడు. "నువ్వు మళ్ల సూడకపోతే నా గతేందన్నా? తాతా, నాకు గీ తొవ్వలు సుత మర్శిపోయినై. అన్ననే ముందు పోనియ్యి."

మోషే తాత సరేనని తలూపాడు.

ఇన్నాళ్లూ కుళ్లిపోయింది దేనికోసమో అది అడక్కుండానే చేతికొచ్చింది. ఎబినేజర్ తన పాత బండిని వరుస ముందుకు తెచ్చి నిలబెట్టాడు. సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

"రా బిడ్డా, ఎక్కు."

ఆరాధన ఎక్కలేదు. దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.

"నేను సూసిన బాపూ. గప్పుడే ముల్లు సగం సుత లేవలే. చిన్నమ్మనే ఎక్కి ఉంటే నువ్వు ఆపకపోదువు గదా?"

ఎబినేజర్ మళ్లీ చూపిస్తానన్నట్టు జేబులోంచి గేజు తీశాడు. 

ఆరాధన అతని చేతిలోంచి గేజు తీసుకుని జేమ్స్ దగ్గరికి నడిచింది.

"చిన్నబాపూ, ఎన్క టైరు ఒక్కపారి సూసుకో."

జేమ్స్ నవ్వాడు. "మీ బాపు సూసిండు గదనే. ఇంకేం ఫికర్?"

"అయినా సరే," అంది ఆరాధన, "నువ్వే సూసుకో."