పోచమ్మ స్టీరింగు

పోచమ్మ చేతిలోంచి స్టీరింగు పీకేసింది అల్లుడు దయాకరే. అందులో అనుమానం లేదు. గట్టయ్య ఆ సంగతి ఎవరితోనూ వాదించలేదు. తేలిపోయిన విషయానికి వాదన ఎందుకు? అల్లుడు గుమ్మంలోకి వస్తే లోపలి గదిలోకి పోయేవాడు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. భార్య పోచమ్మ పోయి ఏడాది కావస్తుంటే, సంవత్సరీకానికి దయాకర్ రానక్కర్లేదని కూతురికి కబురు పంపాడు.

కబురు అందిన మధ్యాహ్నమే పూర్ణిమ విద్యానగర్ నుంచి ఆటోలో వచ్చింది. తార్నాకలో సందు చివరి బిల్డింగు, పై అంతస్తు. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే మొదలుపెట్టింది.

"ఆయన రావొద్దంటే నేను గూడ రాను. ఏం చేసిండు నాయినా? ఒక్కపారి నోరు తెరిచి చెప్పు."

"చేసినోనికి ఎరుకే."

"చేసినోడు ఏం చెయ్యలే అంటున్నడు."

"ఇంకేమంటడు మరి!"

"మామ నన్నెందుకు దొంగను జూసినట్టు జూస్తున్నడని నన్ను అడుగుతున్నడు. ఏం చెప్పాలె నేను? అమ్మ కార్యం నాడు అల్లుడు లేకుంటే నలుగురు ఏమనుకుంటరు?"

గట్టయ్య మూలనున్న బల్ల వైపు చూశాడు. బల్ల మీద కంప్యూటరు. దాని మీద పోచమ్మ పాత చీర కప్పి ఉంది. చీర మీద దుమ్ము.

"అమ్మ స్టీరింగు పీకేసిండు," అన్నాడు.

గట్టయ్య ఊరి బడిలో ఎంత చెప్తే అంతే చదివినవాడు. సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. నల్లకుంట నుంచి విద్యానగర్ మీదుగా యూనివర్సిటీ లోపలికి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాకకు. నడిపినంత కాలం అదే దారి. అప్పటికి తార్నాకలో మెట్రో స్తంభాలు లేవు. క్యాంపస్ లోపల చెట్లు రోడ్డు మీదికి వంగి, కొమ్మలు బస్సు కప్పును గీకుతూ ఉండేవి. వానాకాలం ఆ కొమ్మల నీళ్లు కిటికీల్లోంచి పడితే పోరగాళ్లు కేకలు పెట్టేవాళ్లు.

పోచమ్మ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేసేది. పొద్దున ఏ బస్సు దొరికితే ఆ బస్సు. సాయంత్రం మాత్రం మొగుడి బస్సే. డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది, చేతులకు ఉల్లిగడ్డ వాసనతో. ఎక్కింది మొదలు దిగేదాకా నోరు ఆగేది కాదు.

"గుంత జూడు, గుంత! ఆ పిల్లగాడు పుస్తకం చదువుకుంట అడ్డమొస్తున్నడు, హారన్ కొట్టు."

"నువ్వు నడుపుతవా?"

"లే మరి. నడుపుత."

"కాళ్లు అందుతయా నీకు, బ్రేకుకు?"

కండక్టర్ ఇన్నయ్య వెనక నుంచి అందుకునేవాడు. "అన్నా, కాళ్లు నీయి, చేతులు వదినెయి పెట్టుకోన్రి. ఇద్దరు కలిస్తే ఒక మంచి డ్రైవరైతరు."

బస్సంతా నవ్వేది. పోచమ్మ అందరికంటే గట్టిగా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాటను నవ్వుగా తీసుకునేది కాదు. "ఒక్కరోజు, ఎవరు లేని రోడ్డు మీద, పట్టుకోనియ్యరాదు?" అనేది. సర్కారు బండి, ఉద్యోగం పోతది అని గట్టయ్య కసురుకునేవాడు. రిటైరైన రోజు సాయంత్రం కూడా ఆమె ఆ సీట్లోనే కూర్చుంది. ఆ రోజు ఏమీ అడగలేదు. అడగకపోవడం గట్టయ్యకు గుర్తుంది.

కంప్యూటరు పూర్ణిమది. క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు కొన్నది, పెళ్లయ్యాక ఇక్కడే వదిలేసింది. తండ్రికి పొద్దు పోవడం లేదని ఒక సెలవు రోజు వచ్చి అందులో బస్సు నడిపే గేమ్ ఎక్కించింది. గట్టయ్య దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "బతుకంత బస్సే నడిపిన. ఇగ బొమ్మ బస్సొకటి తక్కువైందా?"

పోచమ్మ కుర్చీ లాక్కుంది.

మొదటి రోజు బస్సు గోడకు గుద్దింది. తర్వాత స్తంభానికి. తర్వాత ఇంకో బస్సుకు. ఎడమ చేత్తో తిప్పే బటన్లే దొరికేవి కావు, ఇక బ్రేకు ఎక్కడ? మంచం మీద పడుకున్న గట్టయ్య గోడ వైపు తిరిగి ఉండి కూడా ఓర్చుకోలేకపోయాడు.

"బ్రేకు తొక్కు! బ్రేకు!"

"ఎక్కడున్నది బ్రేకు, నీ తలకాయల ఉన్నదా?"

"లే, నేను తొక్కుత."

ఆ మాట మీదే పూర్ణిమ రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్ ఒకటి తెచ్చింది. సెట్టింగ్స్ తెరిచి పంపకం పెట్టింది. కీబోర్డు మీద ఎడమకు తిప్పే బటన్, కుడికి తిప్పే బటన్, హారన్‌కు కింది పొడుగు బటన్, ఇవి అమ్మకు. నాలుగు దిక్కులూ చూసే మౌస్ కూడా అమ్మకే. బండి ఉరికించే గ్యాసూ, ఆపే బ్రేకూ కంట్రోలర్ మీద నాయినకు. గ్యాసు మామూలుగా కుడి చూపుడువేలు కింద ఉంటుంది. గట్టయ్యకు ఆ వేలు వంగదు, ఎప్పుడో డిపోలో ఇంజన్ మూత పడి నలిగింది. అందుకని దాన్ని బొటనవేలు కిందికి మార్చింది. గేమ్‌కు ఇవేమీ పట్టవు. ఒక్క డ్రైవరే నడుపుతున్నాడని దాని లెక్క.

గొడవ మౌస్ దగ్గర వచ్చింది. పోచమ్మ మౌస్‌ను కిందికి లాగితే తెర మీద చూపు రోడ్డు మీదికి దిగేది. ఆమెకు కళ్లు తిరిగాయి.

"ఉల్టా ఉన్నది బిడ్డా. సరిజెయ్యి."

"సక్కగనే ఉన్నదమ్మా. కిందికి గుంజితే కిందికి చూస్తది."

"గిరక మీద తాడు కిందికి గుంజితే బొక్కెన కిందికే పోతదా? ఏం చదువు చదివినవే!"

పుట్టింటి దగ్గర గిరక బావిలో నీళ్లు చేది పెరిగిన చేతులవి. కిందికి గుంజితే పైకి రావాలి. పూర్ణిమ నవ్వుకుంటూ వెతికి, చూపును తిరగేసే చోట టిక్కు పెట్టింది. ఇక ఆ ఇంట్లో మౌస్ కిందికి లాగితే ఆకాశం కనిపించేది. గట్టయ్యకు అది నచ్చేది కాదు. ఒకసారి ఆమె స్నానానికి పోయినప్పుడు ఆ టిక్కు తీసేశాడు. పోచమ్మ వచ్చి కూర్చుని, చెయ్యి పెట్టి, తల కూడా తిప్పకుండా అంది, "పెట్టు మళ్ల." పెట్టాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు కుర్చీలు పక్కపక్కన. ఏదో దేశం, మంచు పడే రోడ్లు, నోరు తిరగని పేర్లు. పోచమ్మ ఆ స్టాపులన్నిటికీ తన పేర్లు పెట్టింది. గడియారం ఉన్న బిల్డింగు ఆర్ట్స్ కాలేజీ. వంతెన దిగితే తార్నాక. చర్చి దగ్గరి మలుపు ఇన్నయ్య స్టాపు. "గుంత జూడు" అని ఇప్పుడు గట్టయ్య అనేవాడు. "ఈ దేశంల గుంతలుండయి, నువ్వు గ్యాసు మీద మనసు పెట్టు," అనేది ఆమె. జనం లేని చోట కూడా హారన్ కొట్టేది. కింద వీధిలోకి వినబడేది. ఆమె తిప్పబోయే ముందు గట్టయ్య బొటనవేలు తనంతట తనే వదులయ్యేది. చెప్పాల్సిన పని ఉండేది కాదు. స్టీరింగు ముందు కూర్చున్నన్నేళ్లూ లేని సుఖం అది.

తర్వాత జబ్బు. పెద్ద హాస్పిటల్. ఎక్కువ రోజులు పట్టలేదు.

ఆమె పోయిన కొన్నాళ్లకు గట్టయ్య ఆ కుర్చీలో కూర్చున్నాడు. కంట్రోలర్ పట్టుకుని బొటనవేలు నొక్కితే బస్సు కదిలింది. రెండో చెయ్యి చాపి ఆమె బటన్ నొక్కాడు. బస్సు తిరగలేదు. మళ్లీ నొక్కాడు. నేరుగా పోయి గోడకు గుద్దింది. పొడుగు బటన్ నొక్కితే హారన్ లేదు. ఆమె చేతులున్న చోటల్లా చచ్చుపడి ఉంది.

పోచమ్మ పోయాక ఆ కంప్యూటరు ముట్టింది దయాకర్ ఒక్కడే. తార్నాకలోనే కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. దినాలప్పుడు ఇక్కడే ఉండి, పిల్లల ప్రశ్నపత్రాలు దాని మీదే చేసుకున్నాడు. ఇంకెవరు? గట్టయ్య చీర తెచ్చి కప్పేశాడు.

"ఇంతేనా నాయినా?" అంది పూర్ణిమ. "దీనికా ఏడాది పొడుగూత?"

"ఇంతేనా?" అన్నాడు గట్టయ్య. "ఇంతేనంటవా?"

పూర్ణిమ బల్ల దగ్గరికి పోయింది. చీర తీసి మడిచి మంచం మీద పెట్టింది. కంప్యూటరు వేసి, గేమ్ తెరిచి, సెట్టింగ్స్‌లోకి పోయింది. గట్టయ్య నిలబడే ఉన్నాడు.

"అప్పట్లెక్కనే పెడత. అమ్మ బటన్లు నాకు యాదికే ఉన్నయి. ఆయన తెలువక ఏదో నొక్కి ఉంటే మొత్తం మొదటికి పోయి ఉంటది, అంతే." చదువుతూ చదువుతూ ఆగింది. "కాదు నాయినా. మొదటికి పోతే కీబోర్డు పనిచెయ్యాలె. గ్యాసు చూపుడువేలు కిందికి పోవాలె. నీది బొటనవేలు కిందనే ఉన్నది."

"అయితే?"

"ఎవరో కూసోని ఒక్కోటి మార్చిన్రు. అమ్మ బటన్లు తీసేసి తిప్పుడు, హారన్ అన్నీ నీ దాని మీదికి తెచ్చిన్రు. ఎడమ బొటనవేలు కింది బొడిపెతోని తిప్పుడు. నీ చెయ్యి వణుకుతదని తిరిగే వేగం గూడ తగ్గించిన్రు."

"ఎవరో ఏంది? మీ ఆయన."

పూర్ణిమ కంట్రోలర్ తీసుకుంది. కుడి బొడిపె చూపుకు. దాన్ని కిందికి గుంజింది. తెర మీద రోడ్డు జారిపోయి ఆకాశం వచ్చింది.

"ఉల్టా ఉన్నదేంది," అని, ఆ మాట సగంలోనే ఆపేసింది.

సెట్టింగ్స్‌లో ఇంకో పేజీ తెరిచింది. కంట్రోలర్ చూపు తిరగేసే చోట టిక్కు ఉంది. మామూలుగా అది ఉండదు. గట్టయ్య పెట్టించుకోడు, ఒకసారి తీసేసి ఆమె అంటే మళ్లీ పెట్టినవాడు. దయాకర్‌కు ఆ గొడవే తెలియదు. అది సక్కగ ఉండడమని నమ్మే మనిషి ఈ లోకంలో ఒక్కతే.

గట్టయ్య కుర్చీలో కూర్చున్నాడు.

"హాస్పిటల్‌కు పోయే ముందు అమ్మ ఫోన్ చేసింది," అంది పూర్ణిమ మెల్లగా. "నువ్వు మందులకు పోయినవంట. ఈడి బటన్ తీసి ఆడికి ఎట్ల ఇయ్యాలె, టిక్కు ఎక్కడుంటది అని అడిగింది. చెప్పిన. ఇంకేదో ఆటకు అనుకున్న. మీ నాయినకు చెప్పకు అన్నది. నువ్వు ముందే నాకు ఈ ముచ్చట చెప్పి ఉంటే..."

గట్టయ్య వినిపించుకోలేదు. ఆయన నల్లకుంటలో మందుల షాపు ముందు నిలబడ్డ మధ్యాహ్నం, ఆమె ఈ కుర్చీలో కూర్చుని, వంగని నడుముతో, తన చేతుల్ని ఒక్కొక్కటిగా తీసి ఆయనకు అప్పజెప్పింది. అడగలేదు. రిటైరైన రోజు అడగనట్టే. ఒక్కడివే నడుపుకో అని రాసి పెట్టినట్టు పెట్టిపోయింది. ఒంటరిగా నడపడం ఆయనకు కొత్త కాదు. అది వద్దనే కదా ఈ రెండు కుర్చీలు. ఇన్నాళ్లూ అల్లుడి మీద పెట్టుకున్న కోపం దిగలేదు. అల్లుడి మీంచి లేచి పోచమ్మ కుర్చీలోకి మారింది, అంతే.

"తీసెయ్యనా టిక్కు?" అంది పూర్ణిమ. "నీకు కష్టమైతది."

"ముట్టకు."

"అమ్మ బటన్లు పెట్టనా మరి?"

"ముట్టకంటున్న."

గట్టయ్య కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. కుడి బొడిపెను కిందికి గుంజాడు, తాడు చేదినట్టు. ఆకాశం పైకి వచ్చింది. మబ్బు పట్టిన పరాయి ఆకాశం. కాసేపు అట్లాగే పట్టుకుని వదిలేశాడు. రోడ్డు మళ్లీ కనిపించింది. బస్సు కదలలేదు.

"దయాకర్‌ను రమ్మననా?" పూర్ణిమ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"రమ్మను."

"తప్పైందని ఒక్క మాట..."

"కార్యానికి రమ్మను, తిని పొమ్మను. నేనేమనుకుంటున్ననో ఆయనకనవసరం." గట్టయ్య లేచి చీర విప్పి కంప్యూటరు మీద మళ్లీ కప్పాడు, అంచులు సరిచేశాడు. "నాకు చెప్పకుంట చేసింది మీ అమ్మ. ఇగ ఈ ముచ్చట నువ్వెత్తొద్దు, ఆయనెత్తొద్దు. నేను సచ్చేదాక ఎత్త."