ఏడుపు సీను లేని సినిమా

మాది చిన్న సినిమా. ఎందుకు చిన్నదో నన్నడక్కండి. నిడివి చూస్తే పెద్ద సినిమాలంతే ఉంటుంది. తెర అదే తెర, కుర్చీలూ అవే కుర్చీలు. అయినా పత్రికలవాళ్ళు మా సినిమా పేరు రాసే ముందు 'చిన్న' అని తగిలిస్తారు, అదేదో మా ఇంటిపేరైనట్టు. 'ఈ చిన్న ప్రయత్నాన్ని ఆశీర్వదించండి' అని కూడా రాస్తారు. సినిమాని చూడమనాలి గానీ ఆశీర్వదించమంటారేమిటండీ, మేమేమైనా పీటల మీద కూర్చున్నామా?

తీసింది మా అక్క. కెమెరా మా బావ. అందులో హీరో అనదగ్గ మనిషంటూ ఉంటే అది నేను. మా నాన్నకి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. ఆయన పోయాక, జనం బాగుచేయమని ఇచ్చి తీసుకెళ్ళని కళ్ళజోళ్ళు ఓ ట్రే నిండా మిగిలిపోయాయి. సినిమాలో కొడుకు వాటిని ఎవరివి వాళ్ళకి అప్పగిస్తాడు. చివరికి నాన్న పోయిన రోజు తలుచుకుని, ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టి షట్టర్ దించుతాడు. అంతే కథ. ఫైట్లు లేవు. నా ఒంటికి ఫైట్లు పడవని కాదు, కళ్ళజోళ్ళ కొట్లో ఎవరితో కొట్టుకోమంటారు?

నాన్న పోయినప్పుడు పక్కనున్నది నేనొక్కణ్ణే. కొట్టు వెనక గదిలో బల్ల మీద పడుకున్నాడు. "ఫ్యాన్ కాస్త తగ్గించరా" అన్నాడు. లేచి రెగ్యులేటర్ తిప్పి వెనక్కి తిరిగేసరికి నాన్న లేడు. అక్క ఎక్కడో దూరాన ఎవరి సినిమాకో పనిచేస్తోంది. పరుగెత్తుకొచ్చి ముందు అడిగిందదే, "చివరికి ఏమన్నాడురా?" అని. చెప్పాను. విని నవ్వింది, వెంటనే భోరుమంది. ఆ మాట మీదే సినిమా అంతా కట్టింది.

షూటింగులో ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు ఏడుపు తన్నుకొచ్చేది. అక్క ఊరుకునేది కాదు. "ఏడవకురా. నువ్వే ఏడ్చేస్తే చూసేవాడికి ఏం మిగులుతుంది?" అని మళ్ళీ మళ్ళీ తీసింది, నా కళ్ళు పొడిబారేదాకా. టేకు నచ్చితే మాత్రం "బాగా చేశావురా" అనేది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ ఉండదు. ఆ మాట కోసం నేను చిన్నపిల్లాడిలా కాచుకుని కూర్చునేవాణ్ణి.

కాళ్ళావేళ్ళా పడితే ఒకే ఒక్క థియేటర్ దొరికింది. పొద్దుటి ఆట ఒక్కటే ఇచ్చాడు మేనేజరు. "ఆదివారం హాలు నిండాలి. నిండలేదా, సోమవారం నుంచి దెయ్యం బొమ్మ వేసుకుంటా. తర్వాత నన్ననకండి" అన్నాడు. ఆ ఆట పోతే సినిమా పోయినట్టే, ఇంకెక్కడా మాకు గుమ్మం లేదు.

సరే, ప్రెస్ మీట్ పెట్టాం. విలేకరులు వచ్చారు, పెట్టింది తిన్నారు, బాగుందన్నారు, తిండిని. అంతకుముందు నేనో పెద్ద హీరో సినిమాలో విలన్ పక్కనుండే రౌడీల్లో ఒకణ్ణి. ఆయన తంతే గోడ బద్దలు కొట్టుకుని అవతల పడతాను. ప్రశ్నలన్నీ దాని మీదే.

"ఆయన కాలు మీ గుండెలకి తగిలినప్పుడు మీకేమనిపించింది?"

"నొప్పిగా అనిపించిందండీ" అన్నాను.

మర్నాడు పేపర్లో 'ఆయన తన్నడం నా అదృష్టం: చిన్న సినిమా హీరో' అని వేశారు. ఫోటోలో పెద్ద హీరో గాల్లో ఉన్నాడు. కుడివైపు అంచున కనిపించే పాదాలు నావి. దర్శకురాలెవరో రాయడానికి చోటు చాల్లేదు పాపం. అక్క ఆ పేపరు మడిచి, "పాదాలు బాగా పడ్డాయిరా" అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ వారంలోనే టీవీ చానల్ నుంచి పిలుపొచ్చింది. మనుషుల చేత కష్టాలు చెప్పించే కార్యక్రమం. స్టూడియోలో మెత్తటి సోఫా, ప్లాస్టిక్ పూలు, టీపాయ్ మీద టిష్యూల డబ్బా. పై టిష్యూని సగం బయటికి లాగి మరీ సిద్ధం చేసి పెట్టారు.

"సినిమా చూశారా మేడం?" అని యాంకరమ్మని అడిగాను.

"లింకు ఓపెన్ అవ్వలేదండీ. ట్రైలర్ మాత్రం చూశాను. చాలా నేచురల్‌గా ఉంది" అంది. నేచురల్ అంటే లైట్లు సరిపోలేదని అర్థం.

కెమెరాలు తిరిగాయి. యాంకరమ్మ ముఖంలోకి జాలి వచ్చి కూర్చుంది.

"ఈ సినిమా కోసం పస్తులున్నారట కదా?"

"లేదండీ. మా బావ అందరికీ వేళకి భోజనం పెట్టించాడు. నేను కాస్త లావెక్కాను కూడా."

"ఇల్లు అమ్ముకున్నారట?"

"మాది అద్దిల్లండీ."

"పోనీ, సినిమాలొద్దని ఇంట్లోవాళ్ళు వెళ్ళగొట్టారా?"

"ఇంట్లోవాళ్ళే తీశారండీ సినిమా."

యాంకరమ్మ ముఖం మాడిపోయింది. బ్రేక్ అన్నారు. ప్రోగ్రాం ప్రొడ్యూసరు వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"సార్, మీ దగ్గర కష్టాలేం లేవా?" అన్నాడు, కొట్లో వేరే రంగు లేదా అని అడిగినట్టు. "ఇలాగైతే దీన్ని తెల్లవారుజామున, కుండీల్లో మొక్కల పెంపకం అయిపోయాక వేసుకుంటాం. అదే మీరు కాస్త ఏడ్చారనుకోండి, శనివారం సాయంత్రం, వార్తలకి ముందు. ఇక మీ ఇష్టం."

శనివారం సాయంత్రం చూస్తే జనం ఆదివారం పొద్దున వస్తారు. హాలు నిండుతుంది. అక్క సినిమా బతుకుతుంది. అంతకు మించి నేనేం ఆలోచించలేదు.

ఏడవడం నాకు చేతనైన పనే. లైటు వంక రెప్ప వేయకుండా చూడాలి. మాటని గొంతులో సగానికి ఆపాలి. కింది పెదవిని కాస్త వదిలేయాలి. మిగతాది కళ్ళే చూసుకుంటాయి.

"నాన్నగారు చివరిసారిగా మీతో ఏమన్నారు?" అంది యాంకరమ్మ.

ఫ్యాన్ తగ్గించమన్నాడంటే సాయంత్రం వార్తల ముందు వేస్తారా? లైటు వంక చూశాను. "'ఒరేయ్, నిన్ను వెండితెర మీద చూడకుండానే వెళ్ళిపోతున్నానురా. అక్క కల నువ్వే నిజం చెయ్యాలి' అన్నారండీ" అన్నాను. 'కల' దగ్గర గొంతు ఆపాను. నాన్న తన జన్మలో అంత పొడుగు మాట మాట్లాడి ఎరగడు.

టిష్యూ నాకంటే ముందు యాంకరమ్మే లాక్కుంది. అయ్యాక స్టూడియోలో అందరూ చప్పట్లు కొట్టారు. ప్రొడ్యూసరైతే, "ఇంత పెట్టుకుని ఇందాకటి నుంచీ దాచారేంటి సార్!" అని చేతులు పట్టుకుని ఊపేశాడు.

శనివారం ఇంట్లో అందరం కలిసి చూశాం. 'తండ్రి ఆఖరి కోరిక... కన్నీరుమున్నీరైన హీరో' అని తెర నిండా అక్షరాలు. సినిమా పేరు కింద స్క్రోలింగులో వెళ్ళింది, వర్ష సూచన తర్వాత. బావ మెల్లగా సౌండు తగ్గించాడు.

"ఒక్క టేకేనా?" అంది అక్క.

"ఊఁ. హాలు నిండాలి కదక్కా" అన్నాను.

"నిండుతుందిలే" అని లేచి లోపలికి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. హమ్మయ్య అనుకున్నాను.

హాలు నిండింది. నిండడమేమిటి, మేనేజరు స్వయంగా నాకు కుర్చీ లాగాడు. జనం చేతిరుమాళ్ళతో సహా వచ్చారు. అక్క పక్కన కూర్చుని చూస్తున్నాను. తెర మీద నేను ఒక్కొక్కరికీ కళ్ళజోడు ఇస్తున్నాను. వెనక వరసలో ఒకావిడ, "ఇంకా ఏడవడేమిటి ఈయన?" అంది. "ఓపిక పట్టవే, ఆఖర్లో ఉంటుంది" అంది పక్కావిడ.

ఆఖర్లో, కొడుక్కి నాన్న పోయిన రోజు గుర్తొచ్చే సీను వచ్చింది. వెనక గది, బల్ల మీద నాన్న వేషంలోని పెద్దాయన. హాలంతా ఊపిరి బిగబట్టింది. టీవీలో విన్న మాట కోసం అక్కడక్కడా ఫోన్లు కూడా లేచాయి.

"ఫ్యాన్ కాస్త తగ్గించరా" అన్నాడాయన.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే హాలంతా గొల్లుమంది. "డైలాగు మార్చేశారేంట్రా!" అని ఒకడు అరిచాడు, ఇంకొకడు ఈలేశాడు. తెర మీద నేను రెగ్యులేటర్ తిప్పి వెనక్కి తిరిగాను. మా నాన్న ఆ నవ్వుల్లోనే పోయాడు, ఎవరూ చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. లైటు లేదు, విద్య లేదు, ముక్కు కారుతోంది. నాన్న మీద బెంగ, నా మీద నాకే అసహ్యం, రెండూ కలిసి ఊపిరాడనివ్వలేదు. పక్క సీటాయన గుర్తుపట్టి, "టీవీలో ఏడ్చింది ఈయనేరా!" అని ఫోను లైటు నా ముఖం మీద వేశాడు. "ఇటు తిరగండి సార్, నీడ పడుతోంది" అని బతిమాలాడు కూడా.

బయట వరండాలో మేనేజరు ఎదురొచ్చాడు. "సోమవారమేంటమ్మా, వారమంతా ఆట మీదే! చిన్న మార్పు చాలు. ఆ ఫ్యాను ముక్క తీసేసి, టీవీలో తమ్ముడుగారు చెప్పిన మాట పెట్టేయండి. సాయంత్రం ఆట కూడా ఇచ్చేస్తా" అన్నాడు.

"ఆలోచించి చెప్తాను" అంది అక్క.

ఒక్క ఫ్రేము తీసేయమంటే కట్టుకున్న మొగుడితోనే రోజుల తరబడి మాట్లాడని మనిషి, ఆలోచించి చెప్తానంది. మేనేజరు వెళ్ళాక నన్ను పోస్టర్ల గోడ పక్కకి తీసుకెళ్ళింది.

"నాన్న నిజంగా ఏమన్నాడురా?"

"ఫ్యాన్ తగ్గించమనే అన్నాడక్కా. ఒట్టు. టీవీలో చెప్పింది అబద్ధం."

"నేను లేనప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు. నీ మాట తప్ప నా దగ్గరింకేం లేదు. అందుకే అడుగుతున్నా."

"నీ మీద ఒట్టక్కా, నాన్న..." అన్నాను. మాట గొంతులో సగానికి ఆగిపోయింది. కింది పెదవి దానంతటదే వదులైపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

అక్క నా పెదవి వంక, నా కళ్ళ వంక చాలాసేపు చూసింది, కెమెరా వెనక నుంచి చూసినట్టే.

"బాగా చేశావురా" అంది.