దొర తరఫున

గట్టు నుంచి గట్టుకు కట్టిన తాడు ఒక చేత్తో లాక్కుంటూ, ఇంకో చేత్తో రొయ్యల మేత చల్లుకుంటూ తెప్ప మీద గుంట నడిమికి వచ్చేసరికి యెహోషువకు రొమ్ములో మళ్ళీ పట్టేసింది. తాడు వదలకుండా అట్లాగే ఆగిపోయాడు. చుట్టూ గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళను గిలక్కొడుతున్నాయి. తూర్పున సరుగుడు తోపు అవతల సముద్రం మోత. కాసేపటికి పట్టు సడలింది. "గ్యాసే," అన్నాడు పైకి, పక్కన ఎవరో అడిగినట్టు. రాత్రి తిన్న గోంగూర మీద నెపం వేసేసి, మిగిలిన మేత కూడా చల్లి గట్టుకు వచ్చాడు.

మనిషి పొడగరి. ఉప్పునీళ్ళలో నాని నాని కాలివేళ్ళ సందులు పాలిపోయి ఉంటాయి. మోకాళ్ళ కింద చర్మం ఎండుచేప పొలుసులాగా లేస్తుంది. మేత బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారింది. వయసు అరవైకి అటో ఇటో. నోట్లో నాలుక లేని మనిషని తోటపల్లి గూడూరు చుట్టుపక్కలంతా పేరు. మంచిగానే అంటారు లెండి. ఏమిచ్చినా పుచ్చుకుని, ఏం చెప్పినా చేసే మనిషిని మెచ్చుకోవడానికి మనకు అంతకన్నా చవకైన మాట దొరకదు కదా.

గట్టు నుంచి గుంటలోకి చిన్న చెక్క వంతెన ఉంది. దాని చివర గుంజకు కట్టిన తాడు పట్టుకుని చెక్ ట్రే పైకి లాగాడు. ఇనప చట్రానికి వలగుడ్డ బిగించిన గుండ్రటి తట్ట అది. పిడికెడు మేత వేసి నీళ్ళ అడుగుకు దించి, కాసేపాగి పైకి తీస్తే రొయ్యల సంగతంతా తెలిసిపోతుంది. మేత మిగిలిందా, తట్టలో చిక్కిన నాలుగు రొయ్యల పేగు నిండుగా ఉందా, కళ తప్పిందా చూడాలి. రొయ్యకు జబ్బు చేస్తే వచ్చి చెప్పుకోదు. అడుగున ఉండి అడుగునే చస్తుంది. అందుకని పూటపూటా పైకి తీసి చూస్తూ ఉండాలి.

ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది.

"యెహోషువా, ట్రే ఎట్టుంది?"

"బాగుండాదయ్యా. శుభ్రంగా తినేసినాయి. పేగు నల్లంగా, నిండుగా ఉండాది."

"సరే."

గుంటల యజమాని విజయభాస్కర్ ఉండేది నెల్లూరులో. ఇంట్లో పెళ్ళయినా, పిల్లవాడికి జ్వరమొచ్చినా, తుఫాను పట్టినా ఈ ఫోన్ మాత్రం తప్పదు. యెహోషువ దాన్ని చర్చిలో పక్కవాళ్ళకు గొప్పగా చెప్పుకుంటాడు. "మా అయ్యకు రొయ్యలంటే ప్రాణం. ట్రే సంగతి అడక్కుండా మంచినీళ్ళు ముట్టడు" అని.

ఆ క్షణాన 'అయ్యా, రొమ్ములో నొప్పిగా ఉండాది' అని ఒక్క మాట అనొచ్చు. అంటే భాస్కరయ్య కారేసుకుని వచ్చి పడతాడు. అనుమానమే లేదు. అందుకే అనలేదు. కారొచ్చిందా, నెల్లూరు ఆస్పత్రి, ఆ పరీక్షా ఈ పరీక్షా, పడుకో లేవొద్దు! రేపటి దినం కాస్తా మంచం మీద తెల్లారిపోతుంది. పక్క గుంటల్లో పనిచేసే పోలేరయ్యను రేపటికి బదులు రమ్మని ఎంత బతిమాలితే ఒప్పుకున్నాడు! సెలవు అడగడానికి వారం రోజులు నోట్లో మాట నమిలి నమిలి, చివరికి అడిగితే, "దానికేముంది, పో" అనేశాడు భాస్కరయ్య. ఇన్నేళ్ళలో యెహోషువ నోరు తెరిచి అడిగిన సెలవు అదొక్కటే.

రేపు కాలేజీలో అబిగయీలు మాట్లాడుతుంది. తల్లిదండ్రులు కూడా రావచ్చన్నారు. ఉన్న ఒక్క కూతురు, డిగ్రీ చదువుతోంది. అది నలుగురి ముందు లేచి మాట్లాడుతుంటే వినాలి. ఆయనకు ఈ లోకంలో కావలసింది ఆ పూటకు అంతే. "రేపు సాయంత్రం చెప్పుకుందాంలే అయ్యతో," అని నొప్పికి వాయిదా వేశాడు.

మధ్యాహ్నం అబిగయీలు క్యారేజీ తీసుకుని గట్టు మీద నడిచి వచ్చింది. చంకలో కాగితం చుట్టిన తెల్ల చొక్కా. రేపు తెల్లవారి మేత వేసి ఇట్నుంచి ఇటే బస్సెక్కాలని, వాళ్ళమ్మ కరుణాకుమారి ఇస్త్రీ చేసి పంపింది. అబిగయీలు దాన్ని గట్టు మీది షెడ్డులో మేకుకు తగిలించి వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"ఏంది నాయనా, మొహం అట్టుండాది?"

"ఎండమ్మా."

ఆమె ఇంకోసారి చూసి, కొంగుతో ఆయన నుదురు తుడిచింది. తర్వాత తన గొడవలో తాను పడింది. గొడవంటే నాటకం. వాళ్ళ పాఠ్యపుస్తకంలో ఉంది. ఓ దొర కుటుంబం పెళ్ళికి పోతూ ఉంటుంది. పల్లకి మోసే బోయీల్లో ఒకడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. చెప్పకుండా మోస్తాడు. ఏరు దాటించి, అవతలి గట్టున పల్లకి దించి, పక్కనే ఒరిగి చచ్చిపోతాడు. ఇక అక్కణ్ణుంచీ నాటకమంతా ఆ ఏటి గట్టునే. దొరా, దొరసానీ, బావమరిదీ, బోయీల పెద్దా, ఈ చావు ఎవరి మెడకు చుట్టుకోవాలని వాదులాడుకుంటారు. పాఠం చెప్పే వాణి మేడం తలా ఒక పాత్ర పంచి, లాయరు మాదిరి ఆ పాత్ర తరఫున మాట్లాడమంది. అబిగయీలుకు దొర వచ్చాడు.

"నాకే రావాల్నా ఆ ముదనష్టపోడు! బోయీ అయితే ఏడిపించేసి వచ్చుందును. దొర తరఫున ఏం మాట్లాడేది నాయనా? నాకు ఒక్క ముక్క తోచలేదు."

యెహోషువ పులుసన్నం కలుపుతూ ఆలోచించాడు.

"కొట్టినాడా ఆ దొర?"

"లేదు."

"కూడు పెట్టకుండా మాడ్చినాడా?"

"అదీ లేదు. దోవలో దించినప్పుడు అరటిపండు గూడా ఇచ్చినాడు."

"మరింకేం. మంచోడే."

"మంచోడైతే, ఒక మనిషి జరంతో కాలిపోతా ఉంటే తెలవద్దా?"

"చెప్పకపోతే ఎట్ట తెలస్తాదమ్మా? అడగందే అమ్మయినా పెట్టదు. నోరుండాది గదా వాడికి. అయ్యా, నా వల్ల కాలేదు అని ఉంటే దించేసి ఉండడా? పల్లకిలో కూచున్నోళ్ళకి మోసేవాడి వీపే గదా కనపడేది. మొహం కనపడదు."

అబిగయీలు కళ్ళు పెద్దవి చేసి తండ్రిని చూసింది. "అబ్బో! లాయరువి అయ్యుండాల్సింది నువ్వు." అంతలోనే మళ్ళీ ముఖం ముడుచుకుంది. "అయినా ఎందుకు చెప్పలేదు వాడు? చచ్చిపోయేదాకా?"

యెహోషువ ముద్ద నోటి దగ్గరే ఆపాడు.

"అవతల గట్టున వాడికేం పనుండిందో," అన్నాడు.

ఆమె లేచి, గుంట వైపు తిరిగి, ఏరేటర్లకు వినిపించేంత గొంతుతో మొదలుపెట్టింది. "సభకు నమస్కారం. అతను చెప్పలేదు. చెప్పి ఉంటే దొర దించి ఉండేవాడు. చెప్పని బాధ తెలుసుకోలేకపోవడం నేరమైతే, ఈ లోకంలో నేరస్థుడు కానిదెవరు?" యెహోషువ తినడం మరిచిపోయి విన్నాడు. అంత చక్కటి తెలుగు ఆయన చర్చిలో పాస్టరు నోట తప్ప వినలేదు. తన మోటు మాటే, పిల్ల నోట్లో పడేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే పులుసు కారమన్నాడు.

పిల్ల వెళ్ళిపోయాక షెడ్డు నీడన నడుం వాల్చాడు. ఇదే నేల ఒకప్పుడు వరి మడి. భాస్కరయ్య తండ్రి పద్మనాభయ్య దగ్గర పాలేరుగా చేరినప్పుడు యెహోషువకు ఇంకా మీసం రాలేదు. వరి పోయి రొయ్య వచ్చింది, తీపి నేల ఉప్పు నేలయింది, ఆయన మాత్రం ఈ గట్టు దిగలేదు. వానాకాలం కాలవ పొంగితే చిన్న భాస్కర్‌ను భుజాల మీద కూర్చోబెట్టుకుని బడికి దాటించేవాడు. పిల్లవాడు ఆయన జుట్టు పగ్గాల్లా పట్టుకుని "హెయ్! హెయ్!" అనేవాడు. ఓసారి కాలవ నడిమిలో గాజుపెంకు పాదంలోకి నిలువునా దిగింది. అరిస్తే పిల్లవాడు బెదిరి పడతాడని పళ్ళు బిగబట్టి దాటించేశాడు. గట్టెక్కాక వెనక్కు చూస్తే నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. పైనున్న బిడ్డ పాట పాడుకుంటున్నాడు. ఏం తెలుస్తుంది, పసివాడు. ఆ మచ్చ యెహోషువ అరికాల్లో ఇప్పటికీ ఉంది.

పొద్దు వాలింది. సాయంత్రం మేత చల్లాడు. ఈసారి తాడు లాగుతుంటే ఎడమ చెయ్యి తనది కానట్టుంది. నాలుగు వాము గింజలు నమిలి, నీళ్ళు తాగి, చెక్ ట్రేలో మేత వేసి వంతెన చివరికి నడిచాడు. తట్ట దించి, తాడును గుంజకు తాను ఎప్పుడూ వేసే రెండు మెలికల ముడి వేశాడు. కాసేపాగి పైకి తీయాలి. అంతవరకు షెడ్డు దాకా నడవడం ఎందుకని అక్కడే చెక్కల మీద కూర్చుని, గుంజకు తల ఆనించాడు.

సరుగుడు చెట్ల మీద నుంచి గాలి చల్లగా తగిలింది. రేపు కాలేజీలో ఎక్కడ కూర్చోవాలి? ముందు వరసలో వద్దు, ఎవరైనా లేపుతారు. వెనక గోడకు నిలబడితే పిల్ల బాగా కనిపిస్తుంది. చెప్పులు బయట విడవాలో ఏమో, అబిగయీలును అడగడం మరిచాడు. ఉదయం అడుగుదాం. రొమ్ములో పట్టు మళ్ళీ వచ్చింది. ఈసారి సడలలేదు. "దేవా, రేపొక్క దినం," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

ఎంతసేపటికీ ఎత్తకపోతే విజయభాస్కర్ విసుక్కుని పోలేరయ్యకు చేశాడు. "ఒరే, యెహోషువ నిద్రపోయినట్టుండాడు. ట్రే ఎట్టుందో కనుక్కో." పోలేరయ్య వచ్చి భుజం పట్టి కదిపాడు. మిగిలినదంతా ఎక్కడైనా జరిగేదే. కేకలు, కారు, నెల్లూరు ఆస్పత్రి, అప్పటికే ప్రాణం పోయి చాలాసేపయిందన్న డాక్టరు.

తెల్లవారి ఇంటి ముందు టెంటు కింద యెహోషువ పెట్టెలో పడుకుని ఉన్నాడు. ఒంటి మీద భాస్కరయ్య తెచ్చిన కొత్త బట్టలు. ఇస్త్రీ చొక్కా షెడ్డులోనే ఉండిపోయింది, ఆ గందరగోళంలో ఎవరికీ గుర్తు రాలేదు. కరుణాకుమారి పెట్టె అంచు వదలడం లేదు. అబిగయీలు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, అరికాలి మీద మచ్చను వేలితో రాస్తోంది. అది ఎట్లా అయిందో ఎప్పుడూ అడగలేదు.

విజయభాస్కర్ పూలదండ వేసి నిలబడి ఏడ్చాడు. దొంగేడుపు కాదు. భుజాలెగిరేలా ఏడ్చాడు. ఆ పిల్ల పక్కన మట్టిలోనే కూలబడ్డాడు.

"నన్ను భుజాన మోసినాడమ్మా మీ నాయన. పొద్దున ఫోన్లో గూడా మాట్లాడినా. ఒక్క మాట చెప్పుంటే కారేసుకోని వచ్చేవాణ్ణి గదమ్మా. చెప్పకపోతే నాకెట్ట తెలస్తాది?"

అబిగయీలు తలెత్తింది. అదే, నిన్న మధ్యాహ్నం గట్టు మీద పులుసన్నం కలుపుతూ తండ్రి అన్న మాట. తాను నోరారా మెరుగుపెట్టుకున్న మాట. దానికి ఎదురుమాట లేదని నిన్నంతా మురిసిపోయింది.

"రొయ్యలు చెప్తాయా సార్?" అంది.

ఆయనకు అర్థం కాలేదు. ముక్కు తుడుచుకుంటూ చూశాడు.

"రొయ్యలేమన్నా ఫోన్ చేసి చెప్తాయా? పూటపూటా పైకి తీయించి చూసుకుంటారు గదా."

గొంతు పెంచలేదు.  మొహం అట్టుండాదేమని అడిగి, ఎండమ్మా అంటే నమ్మేసి, నాటకం చెప్పుకుంటూ కూర్చున్నది తానే. మళ్ళీ మచ్చ మీద వేలు పెట్టింది. భాస్కరయ్య యెహోషువ మొహం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో అంతసేపు ఎన్నడూ చూడలేదు.

సమాధి తోటకు తీసుకుపోయే వేళకు అక్కడ కాలేజీలో పేర్లు పిలుస్తూ ఉండి ఉంటారు. దొరసాని తరఫున, బావమరిది తరఫున, బోయీల పెద్ద తరఫున ఎవరెవరో లేచి మాట్లాడి ఉంటారు. దొర తరఫున మాట్లాడే మనిషి లేకుండా పోయింది.

అందరూ వెళ్ళిపోయాక, ఎండ తగ్గినాక, అబిగయీలు చొక్కా కోసం గుంట దగ్గరికి వచ్చింది. ఇవ్వాళ మేత వేసేవాళ్ళు లేరు. పోలేరయ్య ఒక్కడు సమాధి తోట దగ్గరే ఉండిపోయాడు. ఏరేటర్లు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. చొక్కా గుండెలకు హత్తుకుని చెక్క వంతెన మీద చివరిదాకా నడిచింది. గుంజకు తండ్రి వేసిన రెండు మెలికల ముడి విప్పకుండా అట్లాగే ఉంది. దాని కింద తాడు బిగువుగా నీళ్ళలోకి దిగి ఉంది. నిన్న సాయంత్రం దించిన ట్రే ఇంకా అడుగునే ఉంది.