అద్దం మీది బొట్టు

అద్దానికి అంటించిన స్టిక్కరు బొట్లు గోటితో ఒక్కొక్కటే ఊడదీస్తోంది పద్మకుమారి. మధ్యాహ్నం బండికి టాటానగర్లో బంగార్రాజు తల్లి అసిరమ్మ దిగుతుంది. పలాస నుంచి ఆవిడ వచ్చిన ప్రతిసారీ పద్మకుమారి అగ్రికో కాలనీలోని అతని ఉక్కు కంపెనీ క్వార్టరులో ఎన్నడూ లేనట్టే అయిపోవాలి. చీరలు, దువ్వెన, జడపిన్నులు, స్నానాలగదిలో పసుపు డబ్బా, అన్నీ రేకుపెట్టెలోకి. తను ఆసుపత్రి నర్సుల హాస్టలుకి. తొమ్మిదేళ్లలో చెయ్యి ఎంత తిరిగిపోయిందంటే, గంటలో ఇల్లు బ్రహ్మచారి కొంపైపోతుంది. తలగడ మీద వెంట్రుక కూడా మిగలదు.

"మొగుడు పోయినదానివి, మా కులం కూడా కాదు. అమ్మకి ఎలాగ సెప్పీది? కొన్నాళ్లు ఆగు," అన్నాడు బంగార్రాజు మొదటి ఏడు. రెండో ఏడూ అదే మాట. తరవాత అతను అనడం మానేశాడు, ఆమె అడగడం మానేసింది. డ్యూటీ దిగి వచ్చి వండింది. ప్లాంటు మసి పట్టిన అతని బట్టలు సోడాలో నానబెట్టి, చేతులు మండుతుంటే ఉతికింది. జ్వరం వస్తే పక్కన కూచుని కనిపెట్టుకుంది.

ఇప్పుడు ఆమెకి ఆస్ట్రేలియాలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. వెంట బంగార్రాజు వెళ్లాలంటే, పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కలిసి బతికినట్టు రుజువులు చూపించాలట. ఆమె సంతకం పెట్టాలట. పోనీ ఇప్పుడైనా రిజిస్టరు పెళ్లి చేసుకుందామా అంటే, అమ్మకి తెలిసిపోతుందంటాడు. విమానం ఎక్కాక చెప్పొచ్చట.

నెల రోజులుగా అతగాడికి రుజువుల వేటే పని. రేషన్ కార్డులో ఆమె లేదు. ఒక్క ఫొటోలోనూ లేదు. ఎక్కడినుంచి వస్తాయి, ఉన్నవన్నీ అతనే తుడిపించాక? పక్కింటి తవిటమ్మని సాక్ష్యం అడిగితే, "ఏలుముద్దర ఎయ్యమంటే ఏత్తాన్రా బాబూ. మీయమ్మ అడిగినప్పుడల్లా నీ ఇంట్లో ఆడమనిషే నేదని నాసేత సెప్పించినావు కదా. ఇప్పుడేటని ఎయ్యమంతావు?" అంది.

నిన్న ఆమె పెట్టెలోనే ఒకటి దొరికింది, ఇద్దరి పేర్లూ ఉన్న ఒకే ఒక్క కాగితం. "సూడు, నా సంతకం కూడా ఉంది," అని పొంగిపోయాడు. ఐదో నెలలో బిడ్డ కడుపులోనే పోయి, ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చిననాడు అతను రాసిచ్చిన ఒప్పుకోలు పత్రం అది. 'రోగికి ఏమవుతారు' అన్నచోట అతని చేతిరాతే ఉంది, 'పొరుగువాడు' అని. చదివి మడిచేశాడు. ఆవేళ మత్తులోకి జారేముందు, గుమ్మంలో తన మనిషి ఉన్నాడని ధైర్యంగా కళ్లు మూసుకుంది ఆమె.

"పెట్టె సర్దీసినావా? బండి టైమైపోతంది." బంగార్రాజు ఆమె వీసా ఫారం, పెన్నూ పట్టుకుని వచ్చాడు. "ఎల్లేముందు ఇక్కడో సంతకం పడెయ్యి. నాలుగు రోజులే కదా హాస్టల్లో."

పద్మకుమారి ఫారం అందుకుని పెట్టె మీద పెట్టింది. గోటికి అంటుకుని ఉన్న ఎర్రబొట్టుని తీసి అద్దం మధ్యలో మళ్లీ అంటించింది, బొటనవేలితో నొక్కి మరీ.

"మీయమ్మ వచ్చీదాకా దీన్ని ఉండనియ్యి. ఎవరిదని అడుగుద్ది. నాదని చెప్పు. చెప్పినాక సంతకం పెడతాను."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"నీకేటైనా పిచ్చా? మన బతుకులు బాగుపడీ టైములో..." గోడగడియారం కేసి చూశాడు. అద్దం కేసి చూశాడు. ఆమె అతని చేతి కేసి చూసింది. తొమ్మిదేళ్ల తరవాత కూడా ఇంకా ఆశే, సిగ్గులేని ఆశ.

అతని చెయ్యి లేచింది. చూపుడువేలి గోటితో అంచు పట్టి బొట్టు పీకేశాడు. జిగురు మరక మిగిలితే తువ్వాలు కొసతో తుడిచాడు కూడా.

పద్మకుమారి పెన్ను తీసుకుంది. వెంట వచ్చేవారి పేరు రాయాల్సిన గడిలో 'ఎవరూ లేరు' అని రాసి, కింద సంతకం పెట్టింది.